మొదటి పది ఓట్లు వేసినవాళ్లు

రెండు సంచికల కిందట ఒక పాఠకుడికి జవాబిస్తూ ‘డిగ్’ అనే పాత సైటు పేరు మాటవరసకు ఎత్తాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు చాలాకాలంగా రాలేదు. ఎవరికి కనిపించిన మంచి లింకులు వాళ్లు తెచ్చిపెట్టి, నలుగురూ ఓట్లేసి, రోజూ ఒక మొదటి పేజీ తయారుచేసుకున్న ఆ సైట్ల గురించే ఈసారి ప్రశ్నలన్నీ. ఉత్తరాలను కుదించాను, అడిగిన విషయం మార్చలేదు. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, 2007, 2008 ప్రాంతాల్లో ఆఫీసుకు రాగానే నేను తెరిచేది డిగ్. తర్వాత, అందరూ తమ బుక్‌మార్కులు దాచుకునే డెలీషియస్‌లో పాపులర్ పేజీ. కాస్త తీరిక దొరికితే, నొక్కినప్పుడల్లా ఏదో ఒక కొత్త పేజీ చూపించే స్టంబుల్‌అపాన్. ఎక్కడెక్కడివో, ఎవరెవరివో చదివేవాణ్ణి, ఇంటికెళ్లి పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు రోజంతా ఫోనులో ఏదో ఒకటి చూస్తూనే ఉంటాను, రాత్రికి ఒక్కటీ గుర్తుండదు. మారింది నా వయసా, ఇంటర్నెట్టా? ఆ సైట్లు అలా ఎందుకు పోయాయి? (బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మీ వయసు తప్పేమీ లేదండీ. అప్పట్లో మీరు చదివినవాటిని మీకంటే ముందు ఎవరో ఒకరు చదివి, బాగుందనుకుని, పక్కకు తీసిపెట్టారు. అలా తీసిపెట్టేవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆ సైట్లు పడిపోవడానికి కారణాలు చాలా చెబుతారు, నా లెక్కలో అసలు కారణం ఇది. నేనూ ఆ తీసిపెట్టేవాళ్లలో ఒకదాన్ని కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మీరు రోజూ చూసింది మొదటి పేజీ. దాని వెనక మీరు బహుశా ఎప్పుడూ తెరవని పేజీ ఇంకొకటి ఉండేది. డిగ్‌లో దాన్ని ‘అప్‌కమింగ్’ అనేవాళ్లు, అలాంటిదే ఇంకో సైటైన రెడిట్‌లో ‘న్యూ’. ఎవరు ఏ లింకు పెట్టినా ముందు అక్కడ పడేది. బరువు తగ్గించే మాత్రలు, ఒకే వార్త పదిహేను చోట్ల నుంచి, ‘నా సైటు చూడండి’ అనే విన్నపాలు, వాటి మధ్యలో ఎక్కడో ఒక మంచి వ్యాసం. 2006 నుంచి దాదాపు నాలుగేళ్లు రాత్రి పదిన్నరకు పనులన్నీ ముగించుకుని నేను కూర్చున్నది అలాంటి పేజీ ముందే. గంట, గంటన్నర. చెత్తను కిందికి తోయడం, బాగున్నదాన్ని చివరిదాకా చదవడం, ఓటేయడం. జీతం లేదు, అడిగినవాళ్లు లేరు. అయినా ఒక్క రాత్రి మానేస్తే వెలితిగా ఉండేది.

ఒక రాత్రి పదకొండు దాటాక ఒక లింకు కనిపించింది. ఒకే ఒక్క ఓటు, అదీ పెట్టినవాళ్లదే. శీర్షిక ‘లెన్సు తుడిచే పద్ధతి’. కెమెరా సంగతేమో అనుకుని దాటేయబోయి, ఎందుకో తెరిచాను. అది దీపస్తంభం లెన్సు. మనిషి లోపలికి వెళ్లి నిలబడగలిగేంత పెద్దది, గాజు పట్టకాలు వరుసలు వరుసలుగా పేర్చి కట్టినది. ఒకప్పుడు దానికి కాపరిగా పనిచేసిన పెద్దాయన రాసుకున్న పేజీ. చొక్కా గుండీలు గాజుకు గీతలు పెడతాయి కాబట్టి పైన నారబట్ట ఏప్రన్ కట్టుకోవాలట. పగలు చుట్టూ తెరలు దించకపోతే అదే లెన్సు ఎండను ఒకచోటికి పోగుచేసి నిప్పు రాజేస్తుందట. ఏ పట్టకం దగ్గర మొదలుపెట్టాలో, గుడ్డ ఎటు తిప్పాలో, అంతా ఏళ్ల తరబడి చేతులతో చేసిన మనిషి చెప్పే తీరులో ఉంది. ఫొటో ఒక్కటీ లేదు. నీలం రంగు మీద పసుపు అక్షరాలు, చదువుతుంటే కళ్లు మండాయి. ఓటేశాను. ‘ఇది కెమెరా లెన్సు కాదు, తెరవండి’ అని కింద ఒక్క ముక్క రాశాను. పడుకునేముందు చూస్తే నాలుగు ఓట్లు. పొద్దున లేచేసరికి మొదటి పేజీలో ఉంది. వచ్చిపడ్డ జనాన్ని తట్టుకోలేక ఆయన సైటు కూలిపోయింది, ఎవరో పుణ్యాత్ములు నకలు తీసి ఇంకోచోట పెట్టారు. మూడో రోజున ఆ పెద్దాయనే వచ్చి, అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా జవాబులు రాశారు.

ఇందులో ఒక లెక్క ఉంది. రెడిట్ తన ప్రోగ్రామును 2008లో అందరికీ తెరిచి చూపించింది. ఏ లింకు పైకి రావాలో ఎలా తేలుస్తుందో దాంతో బయటపడింది. ఓట్లను ఉన్నవి ఉన్నట్టు లెక్కేసేది కాదు, వాటి లాగరిథమ్ తీసుకునేది. పది ఓట్ల బలం ఒకటి అయితే వంద ఓట్ల బలం రెండు, వెయ్యి ఓట్లకు మూడు. అంటే మొదటి పది ఓట్లు ఎంత బరువు మోస్తాయో తర్వాతి తొంభై ఓట్లూ కలిసి అంతే మోస్తాయి. దానికి వయసు లెక్క జోడించేది: పన్నెండున్నర గంటలు వెనకగా వచ్చిన లింకు, పాతదానికి పడ్డ ఓట్లలో పదోవంతు తెచ్చుకున్నా దానితో సమానంగా నిలబడుతుంది. కాబట్టి లక్షలమంది చూసే మొదటి పేజీలో ఏముండాలన్నది, ఆ వేళకు కొత్తవాటి పేజీలో మెలకువగా ఉన్న పదిమంది చేతిలో పని. వాళ్లు మంచి చదువరులైతే సైటు బాగుంటుంది. వాళ్లు లేచిపోతే ఆ పది ఓట్లూ డబ్బు తీసుకున్నవాళ్లు వేస్తారు.

ఇక డిగ్ సంగతి. 2004 డిసెంబరులో మొదలైంది. 2007 మే 1న, హెచ్‌డీ డీవీడీల తాళం తీసే అంకెలను ఎవరో అందులో పెడితే, లాయరు నోటీసు వచ్చిందని సైటువాళ్లు తీసేశారు. జనం ఊరుకోలేదు. ఆ అంకెలనే రకరకాల లింకుల్లో, శీర్షికల్లో పెట్టి మొదటి పేజీ మొత్తం నింపేశారు. ఆ రాత్రికే వ్యవస్థాపకుల్లో ఒకడైన కెవిన్ రోజ్, మీ మాటే కానివ్వండి, ఇక తీయం అని రాయాల్సి వచ్చింది. తప్పొప్పుల మాట ఎలా ఉన్నా, సైటు ఎవరిదన్న ప్రశ్నకు అప్పటికి జనం పక్షాన జవాబు దొరికింది. మూడేళ్ల తర్వాత, 2010 ఆగస్టు 25న, నాలుగో వెర్షన్ వచ్చింది. ప్రచురణ సంస్థలు తమ వార్తలను మనిషి చెయ్యి తగలకుండా నేరుగా సైటులోకి పంపించుకునే ఏర్పాటు చేశారు. పనికిరానిదాన్ని కిందికి తోసే ‘బరీ’ బటన్ తీసేశారు. అప్‌కమింగ్ పేజీనీ తీసేశారు. రోజూ అక్కడ కూర్చునేవాళ్లకు కూర్చునే చోటే లేకుండా పోయింది. ఆగస్టు 30ని డిగ్ మానే రోజుగా పెట్టుకుని, ఆ సైటు మొదటి పేజీని రెడిట్ లింకులతో నింపి మరీ వెళ్లారు. బరీ బటన్ లాంటివి తర్వాత వెనక్కి తెచ్చారు, జనాన్ని తేలేకపోయారు. 2008లో గూగుల్ దాదాపు 20 కోట్ల డాలర్లకు కొనబోతోందని వార్తలొచ్చిన సైటది. 2012 జులైలో దాని పేరునూ సైటునూ బీటావర్క్స్ అనే కంపెనీ 5 లక్షల డాలర్లకు కొన్నట్టు వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఉద్యోగులూ పేటెంట్లూ విడిగా వేరేచోట్లకు పోయాయి.

మీరడిగిన మిగతా రెండిటి కథ చిన్నది. డెలీషియస్‌ను 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టాడు, 2005 డిసెంబరులో యాహూ కొంది, 2010 డిసెంబరులో మూసేసే జాబితాలో దాని పేరున్న స్లైడు ఒకటి బయటికి పొక్కింది. ఆ వార్త చూసి జనం తమ బుక్‌మార్కులు మూటగట్టుకుని పరుగెత్తారు. చేతులు మారి మారి చివరికి 2017లో పిన్‌బోర్డ్ అనే చిన్న సైటు యజమాని దాన్ని 35 వేల డాలర్లకు కొని, కొత్తవి చేర్చే వీల్లేకుండా, ఉన్నవాటిని చూసుకునేందుకు మాత్రం ఉంచాడు. స్టంబుల్‌అపాన్‌ను ఈబే 2007లో 7.5 కోట్ల డాలర్లకు కొంది, రెండేళ్లకు స్థాపించినవాళ్లే వెనక్కి కొనుక్కున్నారు, 2018 జూన్ 30న మూతపడింది.

నావైపు నుంచి ఒక తప్పు కూడా చెప్పాలి. యజమానులు మాత్రమే పాడుచేశారంటే అబద్ధమవుతుంది. 2008లో నాకొక ఆహ్వానం వచ్చింది. ఇరవై మందిమి ఒక బృందం, నీ లింకుకు నేను, నా లింకుకు నువ్వు. రెండు వారాలు చేశాను. నా లింకులు వరసగా మొదటి పేజీకి ఎక్కాయి. పదిహేనో రోజున నేను ఓటేసిన ఒక వ్యాసాన్ని తెరిచి చదివితే అందులో మూడు పేరాలు ఇంకొకరి దగ్గర ఎత్తుకొచ్చినవి. చదవకుండానే ఓటేశాను. ఆ రోజే బయటికొచ్చేశాను, కాని ఆ రెండు వారాలూ కొత్తవాటి పేజీలో ఎవరిదో ఒక మంచి లింకు నావల్ల కిందికి జారిపోయి ఉంటుంది. అలాంటి బృందాలు ప్రతి సైటులోనూ పుట్టాయి. అది చూసి నిజాయితీగా చదివేవాళ్లకు మనసు విరిగింది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు పందొమ్మిదేళ్లు. మీరు చెప్పే సైట్లు నేనెప్పుడూ చూడలేదు. నాకు నచ్చేవి నా ఫీడ్ తెచ్చి ఇస్తోంది కదా, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఓట్లేసిన జాబితా నాకెందుకు? అంతమంది డబ్బు తీసుకోకుండా ఎందుకు పనిచేశారు? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. నీ ఫీడ్ నువ్వు ఇంతకుముందు దేని దగ్గర ఆగావో చూసి, అలాంటిదే ఇంకొకటి తెస్తుంది. పైన చెప్పిన లెన్సు వ్యాసం నా ఫీడ్‌లోకి ఏ దారిన వస్తుంది చెప్పు? అంతకుముందు నేను దీపస్తంభాల గురించి ఒక్క అక్షరం చదవలేదు. నాకు అది నచ్చుతుందని నాకే తెలియదు. దాన్ని పెట్టినవాళ్లకు తెలుసు, ఎందుకంటే వాళ్లకు నచ్చింది.

ఇంకో తేడా ఉంది. మొదటి పేజీ అందరికీ ఒకటే. ఉదయం నేను చదివింది మధ్యాహ్నం నా పక్క సీటాయనా చదివి ఉండేవాడు, మాట్లాడుకోవడానికి ఒకటి దొరికేది. నీ ఫీడ్ నీ ఒక్కదానిదే. నీ పక్కన కూర్చున్న స్నేహితురాలి ఫోనులో ఏముందో నీకు తెలియదు.

ఈ మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. లింకుల సైటు నిన్ను బయటికి పంపడానికే ఉండేది. నువ్వు వచ్చావు, చూశావు, నొక్కావు, ఎవరో ఒకరి ఇంటికి వెళ్లావు. ఇప్పటి వేదికలు నువ్వు బయటికి వెళ్లడాన్ని నష్టంగా లెక్కేస్తాయి. 2024 నవంబరులో ఎక్స్ యజమాని ఎలాన్ మస్క్, లింకును అసలు పోస్టులో పెట్టవద్దని, విషయం రాసి లింకును కింద జవాబులో పెట్టుకోమని తనే చెప్పాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసే మాటల్లో లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు, అందుకే అందరూ ‘లింకు బయోలో ఉంది’ అని రాస్తారు. ఇప్పుడు సెర్చ్‌లో అడిగితే పైనే ఏఐ రాసిన సారాంశం కనబడుతోంది, కింది లింకు తెరిచేవాళ్లు తగ్గుతున్నారు. బయటికి వెళ్లే దారులు ఇలా ఒక్కోటీ ఇరుకైపోతుంటే, సొంతంగా పేజీ పెట్టుకుని రాసేవాళ్లకు చదివేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? చదివేవాళ్లు లేనప్పుడు ఆ పెద్దాయనలాంటివాళ్లు ఎందుకు రాస్తారు? రాసేవాళ్లు తగ్గితే కొత్తవాటి పేజీలో ఏరుకోవడానికి మంచిదేమీ మిగలదు. నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చిన రాతలన్నీ ఒకచోట చూపించి, ఏరేవాళ్లకు సరుకు తెచ్చిపెట్టిన గూగుల్ రీడర్ కూడా 2013 జులై 1న మూతపడింది. నేను ఒకప్పుడు అందులో నూట నలభై మంది రాతలు వరసగా చూసి, అందులోంచి రోజుకు రెండో మూడో లింకులు పెట్టేదాన్ని. అది పోయాక ఆ అలవాటు ఎంత ప్రయత్నించినా మళ్లీ నిలబడలేదు.

డబ్బు తీసుకోకుండా ఎందుకు చేశామంటావా. నీకు ఒక మంచి పాట దొరికితే చెవిలోంచి ఒక ఇయర్‌ఫోను తీసి పక్కవాళ్ల చెవిలో పెడతావు చూడు. అందుకే.

ప్రశ్న: మీరు మరీ దిగులుపడుతున్నారనిపిస్తోంది. రెడిట్ ఇప్పుడు షేర్ మార్కెట్లో ఉంది, కోట్లమంది వాడుతున్నారు. ప్రోగ్రామర్లు ఎక్కువగా చూసే లింకుల సైటు హ్యాకర్ న్యూస్ మునుపటిలాగే నడుస్తోంది. పడిపోయింది కొన్ని కంపెనీలు, మొత్తం పద్ధతి కాదు. (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు)

జవాబు: మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. రెడిట్ పెరిగింది, కాని దేనిగా పెరిగింది? 2005 జూన్‌లో మొదలైనప్పుడు అందులో లింకులు తప్ప ఏమీ లేవు. వ్యాఖ్యలు రాసే వీలు కూడా ఆ డిసెంబరులోనే వచ్చింది. 2016లో ఫొటోలను, మరుసటి ఏడు వీడియోలను తన దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టింది. లింకు లేకుండా ఉత్త మాటలతో పెట్టే పోస్టులకూ, పడిన ఓట్లను బట్టి వచ్చే ‘కర్మ’ పాయింట్లు ఇవ్వడం 2016లోనే మొదలైంది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు ప్రధానంగా అక్కడి మనుషుల మాటల కోసం వెళ్తారు. అందులో అపారమైన మేలు ఉంది. నా మోకాలి నొప్పికి ఏ వ్యాయామం పనికొస్తుందో నేనూ అక్కడే చదువుకున్నాను. కాని దాన్ని లింకుల సైటు అనలేం. బయటి ప్రపంచానికి కిటికీగా మొదలైంది, ఇప్పుడు తనే ఒక ఊరైంది.

ఆ ఊరిని జీతం లేకుండా ఊడ్చేవాళ్లు మోడరేటర్లు. 2023లో, బయటి యాప్‌లు తన సమాచారాన్ని తీసుకునే దారికి (దాన్ని ఏపీఐ అంటారు) రెడిట్ ధర పెట్టింది. రెడిట్ చదువుకునేందుకు అపోలో అనే యాప్ తయారుచేసినతను, ఆ ధరకు తాను ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని లెక్క చెప్పాడు. జూన్ 12న వేల సబ్‌రెడిట్లు, అంటే రెడిట్‌లోని విభాగాలు, తలుపులు మూసి నిరసన తెలిపాయి. ధర తగ్గలేదు, జూన్ 30న అపోలో ఆగిపోయింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి మాటలను ఏఐకి వాడుకునేందుకు గూగుల్‌తో ఒప్పందం, మార్చిలో 34 డాలర్ల ధరకు షేర్లు. కంపెనీకి సొంత కష్టాలున్నాయి, నడవాలంటే డబ్బు కావాలి, అదంతా నాకు తెలుసు. కాని ఆ మాటలు రాసినవాళ్లకూ ఊడ్చినవాళ్లకూ ఏ గౌరవం దక్కిందన్నదే నా బాధ.

హ్యాకర్ న్యూస్ విషయంలో మీరన్నది పూర్తిగా నిజం, అదెందుకు నిలబడిందో చూస్తే నా మాటకే బలం వస్తుంది. 2007 ఫిబ్రవరిలో పాల్ గ్రాహం మొదలుపెట్టాడు. నడిపేది వై కాంబినేటర్ అనే పెట్టుబడి సంస్థ, కాబట్టి పేజీలో ప్రకటనలు అమ్ముకుని బతకాల్సిన అవసరం దానికి లేదు. రూపం ఇన్నేళ్లలో దాదాపు మారలేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, కొత్తవాటి పేజీలో ఎవరూ చూడక జారిపోయిన మంచి లింకులను మనుషులే ఏరి మళ్లీ పైకి తెచ్చే ఏర్పాటు. దాన్ని వాళ్లు ‘సెకండ్ చాన్స్ పూల్’ అంటారు. మొదటి పది ఓట్లు పడకపోవడం ఎంత నష్టమో వాళ్లకు తెలుసు.

ప్రశ్న: డిగ్ మళ్లీ వస్తోందని విన్నాను, నిజమేనా? (పేరు రాయలేదు)

జవాబు: 2025 మార్చిలో కెవిన్ రోజ్, రెడిట్ స్థాపకుల్లో ఒకడైన అలెక్సిస్ ఒహానియన్ కలిసి దాన్ని కొన్నామని ప్రకటించారు. ఒకప్పటి పోటీదారులిద్దరూ చేతులు కలపడం చూసి నాకు సంతోషమేసింది. నా భయం ఒకటే. 2006లో ఓట్లు కొనాలంటే మనుషులను వెతుక్కోవాలి. ఇప్పుడు మనిషిలా రాసి, మనిషిలా ఓటేసే బాట్లను వేలకొద్దీ దింపొచ్చు. కొత్తవాటి పేజీలో ఉన్న పదిమందీ నిజంగా మనుషులేనని తేల్చుకోగలిగినప్పుడే అలాంటి సైటు నిలుస్తుంది.

ప్రశ్న: నా దగ్గర 2005 నుంచి దాచుకున్న నాలుగువేల పైచిలుకు లింకులు ఉన్నాయి, డెలీషియస్ నుంచి దించుకున్న ఒకే ఫైలు. మొన్న వరసగా నొక్కితే చాలావరకు తెరుచుకోలేదు. ఉంచాలా, పారేయాలా? (రిటైర్డ్ లెక్చరర్)

జవాబు: పారేయకండి మాస్టారూ. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకకుండా పోయాయి. మీవి అంతకన్నా పాతవి. అయితే తెరుచుకోని లింకు కూడా ఒక చిరునామానే, ఆ చిరునామా మీ దగ్గర ఉంది కాబట్టే వెతకడం కుదురుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి పేజీల నకళ్లు తీస్తోంది, 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ పేరుతో అందరికీ తెరిచింది. అందులో మీ పాత లింకు అతికించి చూడండి. సంవత్సరాల వరస కనిపిస్తుంది, మీరు దాచుకున్న తేదీకి దగ్గరి నకలు నొక్కండి. మొదటిసారి ఖాళీ పేజీ వస్తే వెనకటి తేదీలు కూడా చూడండి, ఒక్కోసారి సైటు మూసేశాక తీసిన నకలే ముందు వస్తుంది.

ఇంకా బతికున్న లింకులను కూడా అదే సైటులో ‘సేవ్ పేజ్ నౌ’ అన్నచోట అతికించి ఇప్పుడే నకలు తీయించండి. నాలుగువేలూ ఒక్కసారి పెట్టుకోకండి. నేను రోజుకు పది చొప్పున చేశాను, సగం దారిలో చాలాసేపు ఆగిపోయాను కూడా, ఎందుకంటే ప్రతిదీ మళ్లీ చదవాలనిపిస్తుంది. లెన్సు వ్యాసం అలాగే దొరికింది. నీలం మీద పసుపు, అలాగే ఉంది. ఫైలుకు ఇంకో రెండు కాపీలు తీసి వేరువేరు చోట్ల ఉంచండి.

ప్రశ్న: మీరు ఒక సైటులో మోడరేటర్‌గా చేశానని ఇంతకుముందు రాశారు. ఎందుకు మానేశారు? (గృహిణి)

జవాబు: ఆ సైటు పేరు చెప్పను. ఆరేళ్లు చేశాను. మా విభాగంలో నలుగురం. స్పామ్ పట్టడానికి మాలో ఒకామె సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాము రాసింది, రోజుకు రెండు మూడు వందల చెత్త లింకులను అదే తీసేది. ఒక సోమవారం పొద్దున అది పనిచేయడం మానేసింది. సైటువాళ్లు లోపల ఏదో మార్చారు, మాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఉత్తరం రాస్తే పదకొండు రోజులకు జవాబొచ్చింది, ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని. మేం చేసింది సూచన కాదు. ఆ ప్రోగ్రాము రాసినామె ఇక ఒక్క రోజు కూడా రాలేదు. మిగిలిన ముగ్గురం నాలుగు నెలలు చేత్తో తీశాం. ఒక రాత్రి మా అమ్మాయి వచ్చి ‘అమ్మా, ఎవరి కోసం చేస్తున్నావు?’ అని అడిగితే నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అంతకుముందు ఎప్పుడడిగినా ఉండేది.

ప్రశ్న: మేం పదకొండుమంది స్నేహితులం, వేర్వేరు ఉద్యోగాలు. మాకోసం ఒక చిన్న లింకుల సైటు పెట్టుకుందామనుకుంటున్నాం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పంపుకుంటున్నాం గాని, రెండు రోజులకే కొట్టుకుపోతున్నాయి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (పాత పాఠకురాలు)

జవాబు: తప్పకుండా పెట్టండమ్మా. 2012లో మొదలైన లాబ్‌స్టర్స్ అనే సైటు చూడండి. కొత్తవాళ్లు రావాలంటే ఉన్నవాళ్లు పిలవాలి, ఎవరిని ఎవరు పిలిచారో ఆ చెట్టంతా అందరికీ కనిపిస్తుంది. స్పామ్ చేసేవాడు దూరితే ఏ కొమ్మ నుంచి వచ్చాడో తెలిసిపోతుంది. దాని ప్రోగ్రాము కూడా అందరికీ అందుబాటులో ఉంది, మీలో ఒకరికి సర్వరు పని వస్తే దాన్నే వాడుకోవచ్చు. అంత శ్రమ వద్దనుకుంటే, ఏదైనా పంచుకునే బుక్‌మార్కుల జాబితా చాలు.

పదకొండుమందికి ఓట్ల లెక్క అక్కర్లేదు. మొదటి ఏడాది మొదటి పేజీ అంటూ వేరే పెట్టకండి, కొత్తవి వచ్చిన వరసలోనే కనిపించనివ్వండి. లింకు పెట్టినవాళ్లు దాన్ని ఎందుకు పెట్టారో రెండు వాక్యాలు రాయాలని నియమం పెట్టుకోండి. ఉత్త శీర్షికే ఉండబట్టి నేను ఆ లెన్సును దాటేయబోయాను. వారంలో ఒక్కో రోజు ఒక్కొక్కరు కాపలా. ఆ రోజు పడిన ప్రతి లింకునూ వాళ్లు చివరిదాకా చదివి, కనీసం ఒక మాట రాయాలి. తాను పెట్టినదాన్ని ఒక్కరైనా చదివారని తెలిసినవాళ్లు మళ్లీ పెడతారు, ఎవరూ చదవలేదనుకున్నవాళ్లు మూడోసారికి మానేస్తారు. నెలకోసారి మొత్తం జాబితాను ఒక ఫైలుగా దించి అందరూ దాచుకోండి. ఎవరైనా మానేస్తే ఎందుకని అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

మొదటి వారం పెట్టిన లింకుల్లో మీకు బాగా నచ్చినదొకటి నాకు పంపండి. ఈ శీర్షిక చిరునామాకే. చివరిదాకా చదివి జవాబు రాస్తాను.